పాట కోసం ఇచ్చిన గ్లౌజులు

"తడి ఒక వైపు, పొడి ఒక వైపు, తకధిమి ఆడే పచ్చని రేపు" అని బండి మీద మైకు వీధి మలుపులో అందుకునేసరికి, ఈలక్క వెనక తొట్టిలో మోకాళ్ల దాకా చెత్తలో నిలబడి ఎడం చేత్తో ఒక సంచి ముడి విప్పుతోంది. కుడిచేయి మాత్రం పైకెత్తి పట్టుకుంది, ఎవరినో ఆగమంటున్నట్టు. ఆ చేతి చూపుడు వేలికి కట్టు. కట్టు తడవకుండా దానిమీద పాలిథిన్ కవరు, కవరు జారకుండా రబ్బరు బ్యాండు.

పాటలో తడి ఒక వైపు, పొడి ఒక వైపు ఉంటాయి గానీ సంచిలో అలా ఉండవు. కూర తొక్కల కింద పిల్లల డైపర్లు, డైపర్ల కింద పగిలిన గ్లాసు. అలాంటి గ్లాసే ఏదో కిందటి వారం వేలిని ఎముక దాకా చీరేసింది. చీరినంతసేపు పట్టలేదు, చీము పట్టడానికి.

"మళ్ళీ మురికి తగిలి చీము పట్టిందంటే ఇంక మందులతో అయ్యే పని కాదు, వేలు తీసెయ్యాలి" అన్నాడు ఆసుపత్రి డాక్టరు, కట్టు కడుతూనే. "కొన్నాళ్ళు పని మానెయ్."

"మానేస్తే నా చోట ఇంకోళ్ళు ఎక్కుతారండీ బండి."

"అయితే గ్లౌజులు వేసుకుని చెయ్."

ఇంట్లో అల్మరా నిండా గ్లౌజులు పెట్టుకుని ఈవిడే బద్ధకించి వేసుకోవడం లేదన్నట్టు అన్నాడాయన. ఆ మాటే మోసుకెళ్ళి సూపర్‌వైజర్ని అడిగింది. "రాసి పంపాం, వస్తాయి" అన్నాడు. పోయిన వానాకాలం జట్టులో పెద్దమ్మకి గోరు ఊడినప్పుడూ అదే మాట అన్నాడు. అప్పుడు రాసి పంపినవే ఇంకా నడుచుకుంటూ వస్తున్నాయి కాబోలు.

"ఈలక్కా, ఇవాళ పాట కొంచెం సౌండు తగ్గించమను మీ డ్రైవర్ని. మా బుడ్డోడు ఇది వినబడితే చాలు, పాలు తాగకుండా గంతులేస్తున్నాడు" అంది బుట్ట అందిస్తూ ఓ ఇల్లాలు.

"తగ్గిస్తే మా జీతం తగ్గుతుందమ్మా. బండి కదిలితే పాట మోగాల్సిందే."

పాట రాకముందు ఈ వీధులన్నిటికీ ఈలే ఉండేది. ఆమె ఊదేది. ఒక్క పొడుగు ఈల వినబడితే ఇళ్ళల్లోంచి బుట్టలు బయటికొచ్చేవి, వీధుల్లో తలో చోట ఊడుస్తున్న జట్టు ఆడవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ చేతిలో పని వదిలి కుప్ప దగ్గరికి ఉరికేవాళ్ళు. ఎత్తమని గుర్తు. ఇప్పటికీ మైకు మొరాయించిన రోజు ఆ ఈలే గతి. అందుకే నీలం కోటు లోపల తాడుకి అలాగే వేలాడుతుంటుంది, చెమటకి తుప్పు పట్టిన రేకు ఈల.

సూపర్‌వైజర్ స్కూటర్ మీద వచ్చి బండికి అడ్డంగా ఆపాడు. మొహంలో పెళ్ళికళ.

"అందరూ ఇటు రండి. రేపు మన వీధిలో షూటింగ్. ఈ పాటకే వీడియో తీస్తున్నారు. పాడినావిడే స్వయంగా వస్తోంది. నిజమైన పారిశుధ్య కార్మికులే కావాలన్నారట. తలలు దువ్వుకుని, కోట్లు ఉతుక్కుని రండి. నా పరువు తీయకండి."

"మేకప్పేస్తారా సార్?" అంది వాగుడుకాయ. జట్టులో అందరికంటే చిన్నది, మాట మాత్రం అందరికంటే పెద్దది.

"నీకు మేకప్పు వేస్తే సున్నం బస్తా చాలదే" అంది పెద్దమ్మ. ఆడవాళ్ళు పగలబడి నవ్వారు.

ఈలక్క నవ్వలేదు. "గ్లౌజులు?" అని అడిగింది.

"అన్నీ వాళ్ళే ఇస్తారట. గ్లౌజులు, బూట్లు, కొత్త డబ్బాలు. సరేనా? ఇంక నా ప్రాణం తియ్యకు."

సాయంత్రం ఇంట్లో ఈ మాట చెప్పగానే కూతురు పుస్తకం మూసేసి, గదిలో ఉన్న కాస్త చోటులోనే పాట మొత్తం ఆడి చూపించింది. స్కూల్లో నేర్పారట. "చేయందుకో, చేయందుకో, పచ్చని రేపటి చేయందుకో" అన్న దగ్గర రెండు చేతులూ ముందుకి చాచాలి. చాచిన చేయి మంచంకోడుకి కొట్టుకుంది. అయినా ఆగలేదు.

"అమ్మా, ఆవిడ నీ చెయ్యి పట్టుకుంటుందా?"

"పట్టుకుంటుందేమో."

"ఏ చెయ్యి?"

"కుడిచేయి అయితే కుదరదని చెప్పు" అంది అత్త. ఆవిడ కోడలి చేతిని ఒళ్ళో పెట్టుకుని పాత కట్టు విప్పుతోంది. గుడ్డ కండకి అంటుకుపోయింది. గోరువెచ్చని నీళ్ళు చుక్కలు చుక్కలుగా పోసి, ఊదుతూ, ఊదుతూ విప్పింది. "ఏం పాటోనమ్మా. భూమికి దెబ్బ తగిలిందని అంత గోల పెడుతోంది, దెబ్బ తగిలిన చెయ్యి దీనికి కనబడదేం?"

"రేపు గ్లౌజులిస్తున్నారత్తా."

"ఇస్తే మంచిదే" అంది అత్త. నమ్మినట్టు అనలేదు.

మర్నాడు తెల్లారేసరికే వీధి ఊడ్చి అద్దంలా పెట్టారు. సూపర్‌వైజర్ దగ్గరుండి ఊడ్పించాడు. ఆ తర్వాత లారీలు దిగాయి. లారీల్లోంచి దిగిన కుర్రాళ్ళు పెద్ద పెద్ద సంచులు విప్పి, ఊడ్చిన వీధి నిండా చెత్త చల్లారు. రంగు కాగితాలు, కడిగి తుడిచిన సీసాలు, ఎండుటాకులు, ఒక్క మరకైనా లేని అట్టపెట్టెలు. ఈలక్కకి మొదట అర్థం కాలేదు. పరుగున వెళ్ళి ఒకడి చెయ్యి పట్టుకోబోయింది.

"ఏం చేస్తున్నావు నాయనా? ఇప్పుడే కదా ఊడ్చాం!"

"మీ చెత్త కెమెరాలో బాగుండదక్కా. డల్‌గా ఉంటుంది. ఇది స్పెషల్‌గా చేయించింది."

పెద్దమ్మ చీపురు నేలకి ఆనించి నిలబడిపోయింది. "చెత్త కూడా మనది పనికిరాలేదటే" అంది.

నీలం డబ్బాలు, ఆకుపచ్చ డబ్బాలు వీధి పొడుగునా బారులు తీర్చారు. లోపల కాగితం రేపర్లు కూడా తియ్యలేదు. వాగుడుకాయ ఒకదానిలోకి తలదూర్చి "ఇందులో కాపురం పెట్టొచ్చే" అంది. డైరెక్టరు టోపీ వెనక్కి తిప్పుకుని ఆడవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి, కొట్లో కూరగాయలు ఏరినట్టు ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వచ్చాడు. ఈలక్క దగ్గర ఆగాడు.

"ఈవిడ. మొహంలో కష్టం ఉంది. చేతులు కలిపే షాట్ ఈవిడతోనే."

గాయని కారు దిగింది. పాటలో గొంతు విని పెద్దావిడ అనుకున్నారు గానీ, వాగుడుకాయ వయసే. సన్నగా, ఎండకి కళ్ళు చిట్లిస్తూ, నవ్వుతూ వచ్చింది. మైకు పాట అందుకుంది. "చేయందుకో" అనగానే ఆవిడ చెయ్యి చాచింది, ఈలక్క చెయ్యి చాచింది.

"కట్! ఏంటది? ఆ వేలికేంటి?"

"గాజు కోసిందండీ" అంది ఈలక్క.

"అయ్యో" అంది గాయని. అని, చాచిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

డైరెక్టరు సూపర్‌వైజర్ వైపు తిరిగి తలపట్టుకున్నాడు. "సార్, ఇది ఫీల్‌గుడ్ పాట. రక్తపు కట్టు క్లోజప్‌లో వేస్తే చూసినవాడు అన్నం తింటాడా? కాస్ట్యూమ్స్! ఆ చెయ్యి కనబడకూడదు. గ్లౌజులు వేయండి."

అలా వచ్చాయి గ్లౌజులు. మోచేతి దాకా ఉన్న పసుపు పచ్చ రబ్బరు గ్లౌజులు. కాస్ట్యూమ్ కుర్రాడు వేలు మీద వేలు పెట్టి తొడిగాడు. వేలు కాపాడ్డానికి కాదు, దాచడానికి. ఈలక్కకి ఆ సంగతి తెలుస్తూనే ఉంది. అయినా లోపల పొడిగా, మెత్తగా, పౌడరు రాసినట్టున్న ఆ స్పర్శకి వేళ్ళు వాటంతటవే ముడుచుకుని, విప్పుకుని, మళ్ళీ ముడుచుకున్నాయి. కొత్త చెప్పులు తొడుక్కున్న పసిపిల్లలాగా.

గాయని గ్లౌజు కొసల్ని రెండు వేళ్ళతో పట్టుకుంది. నవ్వింది. "కట్" అనగానే వదిలేసింది. పక్కనున్న అమ్మాయి సీసాలోంచి ఏదో ఆవిడ అరచేతిలో వేసింది, ఆవిడ రుద్దుకుంది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ రుద్దుకుంది. మధ్యాహ్నం దాటి ఎండ మేడల వెనక్కి పోయేదాకా ఇదే తంతు.

"లైట్ పోయింది. మిగతాది రేపు. ప్యాకప్!"

కాస్ట్యూమ్ కుర్రాడు చెయ్యి చాచాడు. "గ్లౌజులమ్మా."

ఆమె విప్పింది. కుడిచేతి గ్లౌజు విప్పుతుంటే కట్టు జరిగింది. వేలిదగ్గర లోపలంతా తడి, కాస్త ఎరుపు, కాస్త పసుపు. అందుకోబోయిన కుర్రాడు పాము మీద కాలేసినట్టు వెనక్కి గెంతాడు.

"ఛీ ఛీ! నీ దగ్గరే ఉంచుకో. ఇంటికెళ్ళి శుభ్రంగా కడిగి, ఆరబెట్టి రేపు తీసుకురా. మర్చిపోకు, కంటిన్యుటీ ఉంది. ఇవాళ ఎలా ఉన్నాయో రేపూ అలాగే కనబడాలి. లేకపోతే షాట్లు అతకవు." నాలుగడుగులు వేసి మళ్ళీ తిరిగాడు. "పనికి మాత్రం వేసుకోకు!"

ఆ మాట ఆమె వెంట ఇంటిదాకా వచ్చింది. గ్లౌజులు తిరగేసి సబ్బుతో కడుగుతున్నప్పుడూ వినబడింది. కూతురు వాటిని నోటిదగ్గర పెట్టుకుని ఊది, వేళ్ళు పొంగించి ఆడుతున్నప్పుడూ వినబడింది. అత్తతో చెప్పింది.

"గ్లౌజులు పనికి వేసుకోకూడదట."

అత్త ఒక గ్లౌజు అందుకుని వెలుతురుకి పట్టి చూసింది. "మరి పెళ్ళికి వేసుకోవాలా?" అంది.

మర్నాడు షూటింగుకి ముందు పని ఉంది. షూటింగుందని చెత్త ఆగదు కదా. ఈలక్క కోటు జేబులో కవరు, కవర్లో గ్లౌజులు. వేలికి కొత్త కట్టు, కట్టు మీద పాత పాలిథిన్. ఆసుపత్రి వెనక సందులోకి బండి తిరిగింది. ఆ సందులో ఇళ్ళకంటే మందుల దుకాణాలెక్కువ. ఎవరో నల్లసంచి కట్టి పెట్టారు. ఎడం చేత్తో ఎత్తింది. సంచి అడుగున సన్నగా, గట్టిగా ఏదో కదిలింది. ఇంకో సంచిలో ట్యూబులైటు ముక్కలు గలగలమన్నాయి.

కింద పెట్టేసింది. చూసింది. బండి ఆగితే పాట ఆగదు, పాట వినబడుతూ బండి కదలకపోతే ఎక్కడో ఆఫీసులో తెర ముందు కూర్చున్న ఒకడికి తెలుస్తుంది. "చేయందుకో, చేయందుకో" అంటోంది మైకు.

"ఏమైంది ఈలక్కా?" అని డ్రైవరు తల బయట పెట్టాడు.

ఆమె వేలి మీది పాలిథిన్ పీకేసి, పళ్ళతో గ్లౌజుల కవరు చింపింది. ఒక గ్లౌజు, ఇంకో గ్లౌజు.

"అవి షూటింగువి కదక్కా?"

"గ్లౌజులే కదన్నా."

ఆ ఉదయం ఆమె పనిచేసినట్టు ఎప్పుడూ చేయలేదు. సంచి విప్పేటప్పుడు గోళ్ళతో అంచు పట్టుకుని భయం భయంగా లాగడం లేదు. పిడికిటి నిండా పట్టుకుంది. తడి అటు, పొడి ఇటు. సూదులు విడిగా డబ్బాలో, గాజు విడిగా గోనెలో. కుడిచేయి చాలా రోజుల తర్వాత మిగతా ఒంటితో కలిసి పనిచేసింది. సందు చివరికొచ్చేసరికి పసుపు గ్లౌజులు పసుపుగా లేవు. ఎడమదానికి అరచేతి దగ్గర గాజు గాటు పడింది. ఆ గాటుని చాలాసేపు చూసుకుంది. ఇది తన అరచేతిలో పడాల్సింది.

షూటింగు దగ్గర డైరెక్టరు గొంతు వీధి చివరిదాకా వినబడింది.

"ఏం చేశావు వీటిని?"

"పని చేశానండీ."

లైట్లు పట్టుకున్నవాడెవడో కిసుక్కున నవ్వి, నోరు మూసుకున్నాడు. సూపర్‌వైజర్ మాత్రం ఉరుక్కుంటూ వచ్చాడు. "నీకు బుర్రుందా లేదా? చెప్పారా లేదా వాడొద్దని? రేపట్నుంచి బండెలా ఎక్కుతావో చూస్తా!"

"గొడవాపండి! ఆవిడ వెళ్ళిపోతే మళ్ళీ డేట్ దొరకదు" అని కారువైపు చూశాడు డైరెక్టరు. "ఇంకో జత తీయండి."

కాస్ట్యూమ్ కుర్రాడు లారీలోంచి అట్టపెట్టె దించి టేపు చింపాడు. ఈలక్క మెడ సాచి చూసింది. పెట్టె నిండా గ్లౌజులు. కట్టలు కట్టలుగా, పుస్తకాల్లా పేర్చి. జట్టు మొత్తానికి సరిపోను, ఇంకో జట్టుకి కూడా సరిపోను. నిన్నంతా అవి లారీలోనే ఉన్నాయి. తాను వేలికి పాలిథిన్ కట్టుకుని ఇంటికెళ్ళినప్పుడూ ఇక్కడే, ఈ వీధిలోనే ఉన్నాయి.

ఆఖరి షాటులో ఆడవాళ్ళంతా గాయని వెనక నిలబడి చేతులూపాలట. అందరికీ తలో జత ఇచ్చారు. పెద్దమ్మ తొడుక్కుని, ఊడిన గోరున్న వేలిని పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఎవరి చేతులో అన్నట్టున్నాయే" అంది.

కెమెరా తిరిగింది. "చేయందుకో" అనగానే ఈసారి గాయని గట్టిగా పట్టుకుంది. సరిగ్గా ఆ వేలే. నొప్పి భుజం దాకా పాకింది. "నవ్వాలి, నవ్వాలి!" అని అరుస్తున్నాడు డైరెక్టరు. ఈలక్క నవ్వింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అద్భుతం! ఆ కన్నీళ్ళు చూశారా? ఓకే!" అందరూ చప్పట్లు కొట్టారు.

కారు అద్దాలు పైకి లేచాయి, కారు వెళ్ళిపోయింది. నీలం డబ్బాలు, ఆకుపచ్చ డబ్బాలు ముందుగా లారీ ఎక్కాయి. వాటి అడుగున దుమ్మయినా లేదు. వీధిలో మిగిలింది రంగు కాగితాలు, సగం తాగి పారేసిన నీళ్ళ సీసాలు, తిని వదిలేసిన భోజనం ప్లేట్లు, టీ కప్పులు, ఎవరో తుడుచుకుని విసిరిన టిష్యూలు. ఈ చెత్త ఎవరూ చేయించింది కాదు. కెమెరా కూడా అటు చూడలేదు.

"ఇదంతా ఎత్తేసి పొండి" అన్నాడు సూపర్‌వైజర్. "ఒక్క కాగితం కనబడకూడదు."

కాస్ట్యూమ్ కుర్రాడు పెద్ద ప్లాస్టిక్ సంచి తెరిచి పట్టుకుని వరస మొదట్లో నిలబడ్డాడు. "ముందు గ్లౌజులిచ్చెయ్యండమ్మా."

వాగుడుకాయ గొణుక్కుంటూ విప్పి సంచిలో పడేసింది. పెద్దమ్మ ఒక్కొక్క వేలు లాగుతోంది, రావడం లేదు.

"బాబూ" అంది ఈలక్క, "వీటిని మాకు వదిలెయ్యకూడదూ? ఎత్తేది చేతుల్తోనే కదా."

"కుదరదక్కా. వచ్చే వారం సముద్రం పాటుంది, దానికి కావాలి." కుర్రాడికి చెడ్డబుద్ధేం లేదు, అలసిపోయి ఉన్నాడు, సరదాగా కూడా ఉన్నాడు. "అయినా మీ పాటలోనే ఉందిగా? దేన్నీ పారెయ్యకుండా మళ్ళీ మళ్ళీ వాడుకోవాలని!" అని నవ్వాడు. సూపర్‌వైజర్ కూడా నవ్వాడు.

ఈలక్కకి చెవులు హోరెత్తాయి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వీధివీధిలో విన్న పాట, కూతురు మంచంకోడుకి చెయ్యి కొట్టుకుంటూ ఆడిన పాట, తనకి తెలియకుండానే అంట్లు తోముతూ పాడుకునే పాట. ఆఖరికి అది కూడా తన చేతుల్లోవి లాక్కోవడానికే పనికొచ్చింది. పెద్దమ్మ ఇంకా లాగుతోంది. మూడో వేలు. నాలుగో వేలు.

నిన్న ఈ కుర్రాడు ఎందుకు వెనక్కి గెంతాడో ఆమెకి గుర్తొచ్చింది.

మెడలో తాడు పట్టుకుని లాగి, ఈల నోట్లో పెట్టుకుని ఊదింది. ఒక్కటే, పొడుగ్గా.

ఆడవాళ్ళు ఏం జరుగుతోందని అడగలేదు. ఆ ఈలకి అడిగే అలవాటు లేదు. వరస చెదిరిపోయింది. ఎవరి చేతిలో ఏముంటే అది వదిలి కుప్పమీదికి ఉరికారు. ఈలక్క అప్పటికే భోజనం ప్లేట్ల కుప్ప ముందు కూర్చుని, రెండు చేతులూ మోచేతుల దాకా అందులోకి దింపింది. నూనె, మెతుకులు, ఎంగిలి, చల్లారిన టీ. పిడికిళ్ళతో పిసికినట్టు పట్టుకుని పైకి తీసింది.

"ఎత్తండే!"

పెద్దమ్మ వేళ్ళు మళ్ళీ గ్లౌజులోకి తోసుకుని దూకింది. వాగుడుకాయ వెనక్కి తిరిగి, కుర్రాడి సంచిలో చెయ్యి పెట్టి, "నావి ఇటియ్యి" అని తన జత తీసుకుని తొడుక్కుంటూనే పరిగెత్తింది.

"ఆపండి! ఏయ్, ఆపమంటుంటే! అవి పాడైపోతాయి!" అని అరిచాడు కుర్రాడు.

"ఎత్తెయ్యమని సారే కదా అన్నారు" అంది పెద్దమ్మ, తల ఎత్తకుండానే. "ఒక్క కాగితం కనబడకూడదట."

డ్రైవరు బండి కదిలించాడు. బండి కదిలితే పాట మోగాలి కదా, మోగింది. తడి ఒక వైపు, పొడి ఒక వైపు. ఆడవాళ్ళు ఏరుతున్నారు, ఎత్తుతున్నారు, విసురుతున్నారు. చూస్తుండగానే పసుపు రంగు పోయింది.

వీధి ఖాళీ అయ్యాక ఈలక్క లేచి, మోచేతుల దాకా కారుతున్న చేతులు రెండూ కుర్రాడి ముందుకి చాచింది, పాటలో చాచినట్టే.

"ఇదుగో బాబూ. తీసుకో."

కుర్రాడు వెనక్కి జరిగాడు. ఇంకో అడుగు జరిగాడు. ఆమె వైపు చూశాడు, ఆడవాళ్ళ వైపు చూశాడు.

"వద్దులే, ఉంచుకోండి" అన్నాడు.

"పోనీ ఆ సంచైనా ఇటియ్యి. చెత్తకి పనికొస్తుంది."

ఇచ్చేశాడు.

సూపర్‌వైజర్ స్కూటర్ ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కాడు. వెళ్తూ వెళ్తూ వేలు చూపించాడు. "నీ సంగతి రేపు ఆఫీసులో చెప్తా."

"చెప్పండి సార్" అంది ఈలక్క. "గ్లౌజులు వేసుకుని పని చేసిందని చెప్పండి."

బండి వెనక తొట్టి అంచు మీద అందరూ ఇరుక్కుని కూర్చున్నారు. కుళాయి దగ్గర బండి ఆపించి, చేతులకున్న గ్లౌజుల్ని అలాగే నీళ్ళ కింద పెట్టి కడిగారు. ఈలక్క కుడిచేతిది నెమ్మదిగా, తిరగబడకుండా విప్పింది. వేలు బయటికొచ్చింది. నొక్కుకుపోయి నొప్పెడుతోంది. పాలిథిన్ లేదు, రబ్బరు బ్యాండు లేదు. పొద్దున అత్త కట్టిన ముడి కట్టినట్టే ఉంది.

ఎడం చేతి బొటనవేలితో కట్టు మీద నొక్కి చూసింది. పొడిగా ఉంది.